మనం తిన్న పీచు లివర్‌కి ఏమై చేరుతుంది?

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వేరే ఏదో కారణానికి కడుపు స్కాన్ తీయిస్తే, రిపోర్టు చివర్లో "ఫ్యాటీ లివర్" అని రాసి ఉండటం ఇప్పుడు ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. ప్రపంచం మొత్తం మీద పెద్దవాళ్లలో దాదాపు 30 శాతం మందికి ఇది ఉందని అంచనా. లివర్‌లో కొవ్వు 5 శాతం దాటితే ఈ పేరు పెడతాం. అధిక బరువు, షుగర్, బీపీ, రక్తంలో పెరిగిన కొవ్వు, వీటితో ముడిపడి వచ్చే రకానికి 2023లో వైద్య సంఘాలన్నీ కలిసి ఎం.ఏ.ఎస్.ఎల్.డి. అని కొత్త పేరు కూడా పెట్టాయి.

రిపోర్టు చేతికి రాగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఇప్పుడు ఏం తినాలి?" అని. కూరగాయలు, పళ్లు, ముడిధాన్యాలు, పప్పులు ఎక్కువ తినండి అని చెబుతారు. సలహా సరైనదే. కానీ అది ఎందుకు పనిచేస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. "పీచు ఉంటుంది కదండీ" అని ఊరుకుంటారు. ఆ పీచు మనకు అరగదు. అరగని వస్తువు రక్తంలోకి వెళ్లదు. రక్తంలోకే వెళ్లనిది లివర్‌కి మేలు ఎలా చేస్తుంది? ఇవాళ నేను జవాబు చెప్పాలనుకున్నది ఈ ఒక్క ప్రశ్నకే. ఆ పీచును పెద్దపేగులో బ్యాక్టీరియా తిని, వేరే పదార్థాలుగా మార్చి వదులుతుంది. లివర్‌కి అందేవి ఆ పదార్థాలు.

ముందు లివర్ ఎక్కడ కూర్చుని ఉందో చూద్దాం. ఒంట్లో మిగతా అవయవాలకు రక్తం గుండె నుంచి ధమనుల ద్వారా వస్తుంది. లివర్‌కి అలా వచ్చేది పావు వంతే. మిగతా ముప్పావు వంతు పేగుల్లో తిరిగి, పోర్టల్ వీన్ అనే పెద్ద సిర ద్వారా నేరుగా లివర్‌లోకి వస్తుంది. అంటే పేగు గోడ దాటి రక్తంలో కలిసిన దాదాపు ప్రతి పదార్థమూ, అది గ్లూకోజ్ కానివ్వండి, మందు కానివ్వండి, బ్యాక్టీరియా వదిలిన ఆమ్లం కానివ్వండి, ఒళ్లంతా తిరగకముందే లివర్ చేతిలో పడుతుంది. అందుకే పేగులో ఏం తయారవుతోంది అన్నది లివర్‌కి అంత ముఖ్యం.

ఇక కొవ్వు సంగతి. దీన్ని ఇంటి జమాఖర్చులాగా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. లివర్‌లోకి కొవ్వు జమ అయ్యే దారులు మూడు. ఒంట్లోని కొవ్వు నిల్వల నుంచి కరిగి వచ్చేది ఒకటి. తిండిలోని నూనె, నెయ్యి నుంచి వచ్చేది రెండోది. చక్కెరల నుంచి లివరే స్వయంగా తయారు చేసుకునేది మూడోది. 2005లో ఐసోటోపులతో, అంటే జాడ కనిపెట్టగలిగే ప్రత్యేక పరమాణువులతో గుర్తుపెట్టి, ఫ్యాటీ లివర్ ఉన్న రోగుల్లో ఈ వాటాలను కొలిచారు. నిల్వల నుంచి వచ్చింది 59 శాతం, లివర్ తయారుచేసుకున్నది 26 శాతం, తిండిలోని కొవ్వు నుంచి వచ్చింది 15 శాతం. "నేను నూనె మానేశాను, అయినా తగ్గలేదేమిటి" అని అడిగేవాళ్లకు జవాబు ఈ మూడు అంకెల్లో ఉంది. ఖర్చు దారులు రెండు. కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో కాల్చడం, లేదా వీఎల్‌డీఎల్ అనే రేణువుల్లో నింపి రక్తంలోకి పంపించడం. జమ పెరిగినా, ఖర్చు తగ్గినా లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది.

మొక్కల ఆహారం నుంచి బ్యాక్టీరియా చేసిన పదార్థాలు ఈ లెక్కలో జమ వైపూ, ఖర్చు వైపూ చెయ్యి పెడతాయి. ఎలాగో చూద్దాం.

పిండిపదార్థాల్లో రెసిస్టెంట్ స్టార్చ్ అని ఒకటుంది. పచ్చి అరటికాయలో, చిక్కుడు జాతి గింజల్లో, ఉడికించి చల్లార్చిన దుంపల్లో ఉంటుంది. చిన్నపేగులోని ఎంజైములు దాన్ని ముట్టుకోలేక వదిలేస్తాయి. అది అలాగే పెద్దపేగు చేరుతుంది. అక్కడ రూమినోకాకస్ బ్రోమీ అనే బ్యాక్టీరియా ఆ స్టార్చ్ రేణువుకు అతుక్కుని దాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. ఇది మొదలుపెట్టకపోతే మిగతావి పెద్దగా ఏమీ చేయలేవు. కొందరి పేగుల్లో ఇది ఉండదు, వాళ్లు తిన్న రెసిస్టెంట్ స్టార్చ్‌లో చాలా భాగం మలంలో అలాగే పోతుంది. ఇది రేణువును విడగొట్టినప్పుడు బయటపడిన చిన్న చక్కెర ముక్కలను, ఇది వదిలిన అసిటేట్‌ను పక్కనున్న ఇంకో రకం బ్యాక్టీరియా తీసుకుని బ్యుటిరేట్ తయారుచేస్తుంది. ఒకదాని వ్యర్థం ఇంకొకదానికి తిండి. ఇంత పని మన పేగులో రోజూ, మనకు తెలియకుండా జరిగిపోతోంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇలా పులిసినప్పుడు ముఖ్యంగా మూడు చిన్న ఆమ్లాలు పుడతాయి. అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్. సుమారుగా 60, 20, 20 పాళ్లలో ఉంటాయి. మూడింటిదీ మూడు దారులు.

బ్యుటిరేట్‌ను పెద్దపేగు గోడ కణాలే చాలావరకు వాడేసుకుంటాయి. వాటికి కావాల్సిన శక్తిలో 60 నుంచి 70 శాతం దీన్నుంచే వస్తుంది. అది సరిగ్గా అందితే కణాల మధ్య అతుకులు గట్టిగా ఉంటాయి. అందకపోతే ఆ అతుకులు వదులై, బ్యాక్టీరియా పైపొర ముక్కలు పోర్టల్ రక్తంలోకి జారతాయి. లివర్‌లో కాపలా ఉండే కుప్ఫర్ కణాలు వాటిని చూసి వాపు మొదలుపెడతాయి. లివర్‌లో కొవ్వు ఉండటం ఒక ఎత్తు, దాని మీద వాపు రావడం ఇంకో ఎత్తు. మచ్చ పడటం మొదలయ్యేది వాపు వచ్చాకే. కాబట్టి బ్యుటిరేట్ లివర్‌కి చేసే మేలులో పెద్ద భాగం పేగులో ఉండగానే జరిగిపోతుంది.

ప్రొపియోనేట్ పోర్టల్ వీన్ ద్వారా లివర్‌కి వస్తుంది, లివర్ దాన్ని దాదాపు మొత్తం పట్టేసుకుంటుంది. అసిటేట్‌లో కొంత లివర్‌లో ఆగి, మిగతాది కండరాలకు, మిగతా ఒంటికి వెళ్తుంది.

ఇవి కేవలం ఇంధనం అయితే ఇంత చెప్పుకోవాల్సిన పనిలేదు. ఇవి సంకేతాలు కూడా. కణాల మీద వీటిని గుర్తుపట్టే రిసెప్టర్లు ఉన్నాయని 2003లో తేలింది. పేగు గోడలోనూ అవి ఉన్నాయి. ఆ రిసెప్టర్లు తాకగానే జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు విడుదలవుతాయి, ఆకలి తగ్గుతుంది, ఇన్సులిన్ పని మెరుగవుతుంది. బరువు తగ్గడానికి ఈమధ్య వాడుతున్న ఇంజెక్షన్లు ఇదే జీఎల్‌పీ-1 పనిని ఎన్నో రెట్లు పెంచి చేసేవి. పేగు స్వయంగా వదిలే హార్మోను అంత బలంగా పనిచేయదు. అయినా దారి అదే.

లివర్ కణం లోపల జరిగేది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. లివర్ కొవ్వు తయారుచేయడం మొదలుపెట్టినప్పుడు తొలి మెట్టులో మెలోనైల్ కోఏ అనే పదార్థం పుడుతుంది. దానికి రెండు పనులు. అది కొవ్వుకు ముడిసరుకు. పైగా, ఉన్న కొవ్వు కాలడానికి మైటోకాండ్రియాలోకి వెళ్లకుండా అడ్డుకునేదీ అదే. అంటే లివర్ కొవ్వు తయారుచేస్తున్నంతసేపు కొవ్వు కాల్చడం ఆగిపోతుంది. అర్థం చేసుకోవాల్సిన కీలకం ఇదే. ఏఎంపీకే అనే ఎంజైము చురుగ్గా ఉంటే మెలోనైల్ కోఏ తయారీ తగ్గుతుంది. అప్పుడు జమ తగ్గి, అదే సమయంలో ఖర్చు పెరుగుతుంది. 2015లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, కొవ్వు ఎక్కువున్న తిండికి ఈ చిన్న ఆమ్లాలు కలిపి పెడితే, లివర్ కొవ్వు తయారీ నుంచి కొవ్వు కాల్చడం వైపు మళ్లింది. అందులో ఏఎంపీకే పాత్ర ఉందని కూడా చూపించారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి వెళ్లడం నాకిష్టం లేదు. అసిటేట్ కొవ్వుకు ముడిసరుకు కూడా అవుతుంది. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ సంగతే చెప్పింది. ఎలుకలకు ఫ్రక్టోజ్ ఎక్కువ ఇచ్చినప్పుడు చిన్నపేగు పట్టుకోలేనిది పెద్దపేగు చేరింది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని అసిటేట్‌గా మార్చింది. లివర్ ఆ అసిటేట్‌తో కొవ్వు తయారుచేసుకుంది. అదే బ్యాక్టీరియా, అదే అసిటేట్. మరి పీచు నుంచి వస్తే మేలు, తీపి పానీయం నుంచి వస్తే కీడు ఎందుకు? తేడా వేగంలో, పక్కనున్న సంకేతాల్లో ఉంది. ఫ్రక్టోజ్ లివర్‌లో కొవ్వు తయారుచేసే జన్యువులను ముందే మేల్కొలుపుతుంది, ఆ వెంటనే ముడిసరుకు కూడా ఒక్కసారిగా అందుతుంది. పీచు గంటల తరబడి మెల్లగా పులుస్తుంది, ఇన్సులిన్‌ను ఎగదోయదు, అసిటేట్‌తో పాటు ప్రొపియోనేట్, బ్యుటిరేట్ కూడా వస్తాయి. అందుకే పండు తినడమూ, పండు తీపిని పిండి తాగడమూ లివర్ దృష్టిలో ఒకటి కావు.

ఎలుకల కబుర్లు చాలు, మనుషుల్లో ఏం తేలింది అంటారా? మంచి ప్రశ్న. 2015లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ప్రొపియోనేట్‌ను ఇన్యులిన్ అనే పీచుకు రసాయనికంగా జతచేశారు. దానివల్ల అది పెద్దపేగు చేరేదాకా విడిపోదు. బరువు ఎక్కువున్న 60 మందిని తీసుకుని, కొందరికి ఇది, కొందరికి ఉత్త ఇన్యులిన్, రోజుకు 10 గ్రాముల చొప్పున 24 వారాలు ఇచ్చారు. ప్రొపియోనేట్ అందినవాళ్లలో బరువు పెరగడం తగ్గింది. వాళ్లలో ముందే ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు లివర్ కొవ్వు కూడా తగ్గింది.

ఇంకా గట్టి ఆధారం 2023లో చైనా నుంచి వచ్చింది. ఫ్యాటీ లివర్ ఉన్న 200 మందికి నాలుగు నెలలు రోజూ 40 గ్రాముల రెసిస్టెంట్ స్టార్చ్, లేదా అంతే శక్తినిచ్చే మామూలు స్టార్చ్ ఇచ్చారు. రెండో గుంపుతో పోలిస్తే మొదటి గుంపులో లివర్ కొవ్వు సుమారు 39 శాతం తగ్గింది. వాళ్లు బరువు కూడా కొంత తగ్గారు. కానీ ఆ ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసినా తేడా మిగిలింది. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం వేరే ఉంది. బాక్టీరాయిడిస్ స్టెర్కోరిస్ అనే ఒక బ్యాక్టీరియా వాళ్లలో తగ్గింది. రక్తంలో బ్రాంచ్‌డ్ చైన్ అమైనో ఆమ్లాలు (మాంసకృత్తుల్లో ఉండే ఒక రకం ముక్కలు) కూడా తగ్గాయి. ఈ అమైనో ఆమ్లాలు పెరగడానికీ ఫ్యాటీ లివర్‌కీ సంబంధం ఉంది. అదే బ్యాక్టీరియాను ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటి లివర్ పాడైంది. అంటే పీచు మంచి పదార్థాలను చేయించడమే కాదు, చెడ్డవి తయారు కాకుండా కూడా చూస్తోంది.

ఈ రెండో వైపు గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. పీచు అందకపోతే బ్యాక్టీరియా పస్తు ఉండదు. కొన్ని రకాలు పేగు గోడ మీది జిగురు పొరను తినడం మొదలుపెడతాయి. ఇది 2016లో ఎలుకల్లో స్పష్టంగా చూపించారు. కొన్ని మాంసకృత్తుల మీదికి మళ్లుతాయి. అప్పుడు వచ్చే పదార్థాల్లో ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం ఒకటి. ఊబకాయం ఉన్నా షుగర్ లేని స్త్రీల మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, రక్తంలో ఈ ఆమ్లం ఎంత ఎక్కువుంటే లివర్ కొవ్వు అంత ఎక్కువ కనిపించింది. దాన్ని ఎలుకలకు ఇస్తే వాటి లివర్‌లో కొవ్వు చేరింది. ఇంకా తీవ్రమైనది 2019లో బయటపడింది. కొందరు ఫ్యాటీ లివర్ రోగుల పేగుల్లో క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా ఎక్కువగా ఆల్కహాల్ తయారుచేస్తోందని తేలింది. చుక్క కూడా ముట్టని మనిషి లివర్‌కి లోపల నుంచే మద్యం అందుతోందన్నమాట. ఇలాంటి రోగిని "నిజం చెప్పు, తాగుతావు కదా" అని ఇంట్లోవాళ్లే అనుమానిస్తే ఆ మనిషికి ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆలోచించండి. రోగి మాట నమ్మాలి.

పీచు తర్వాత చెప్పుకోవాల్సినవి పాలీఫినాల్స్. పళ్లకు, గింజలకు రంగు, వగరు ఇచ్చే పదార్థాలు. మనం తిన్నవాటిలో చాలా భాగం చిన్నపేగులో ఇంకదు, పెద్దపేగుకే చేరుతుంది. దానిమ్మ, వాల్‌నట్, బెర్రీ పళ్లలోని ఎలాజిటానిన్ల నుంచి గోర్డోనిబాక్టర్ వంటి బ్యాక్టీరియా యూరోలిథిన్లు చేస్తుంది. అరిగిపోయిన మైటోకాండ్రియాను కణం తనే తొలగించుకునేలా యూరోలిథిన్-ఎ ప్రేరేపిస్తుందని 2016లో పురుగుల్లో, ఎలుకల్లో చూపించారు. సోయాలోని డైడ్జీన్ అనే పాలీఫినాల్‌ను ఈక్వాల్ అనే పదార్థంగా మార్చే బ్యాక్టీరియా కూడా అందరిలో ఉండదు. పాశ్చాత్య దేశాల్లో పావు వంతు నుంచి మూడో వంతు మందిలో ఉంటుంది. జపాన్ లాంటి చోట సగానికి పైగా మందిలో ఉంటుంది. ఒకే కంచంలో తిన్న ఇద్దరి లివర్‌కి ఒకే పదార్థం చేరదు. "ఫలానా గింజ తింటే ఆయనకి తగ్గింది, నాకెందుకు తగ్గలేదు" అన్నదానికి ఇదొక కారణం.

లివర్ కొవ్వు విషయంలో పాలీఫినాల్స్‌కి మనుషుల్లో ఉన్న మంచి ఆధారం ఇజ్రాయెల్‌లో 294 మంది మీద 18 నెలలు సాగిన ప్రయోగం. 2021లో ప్రచురించారు. మామూలు మధ్యధరా ఆహారం (కూరగాయలు, ఆలివ్ నూనె, గింజలు, చేపలు ఎక్కువగా ఉండేది) తిన్నవాళ్లలో లివర్ కొవ్వు సుమారు 20 శాతం తగ్గింది. దానికి గ్రీన్ టీ, ఒక ఆకుపచ్చ నీటిమొక్క కలిపి, మాంసం తగ్గించిన గుంపులో సుమారు 39 శాతం తగ్గింది. రెండు గుంపులూ బరువు తగ్గింది దాదాపు ఒకేలా.

కొవ్వు అరగడానికి లివర్ పేగులోకి వదిలే పైత్యరసం గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. లివర్ వదిలిన పైత్య ఆమ్లాల్లో 95 శాతం చిన్నపేగు చివర్లో తిరిగి లివర్‌కే వస్తాయి. మిగిలిన కొద్దిపాటిని బ్యాక్టీరియా వేరే రూపంలోకి మారుస్తుంది. ఎఫ్ఎక్స్ఆర్ అనే రిసెప్టర్ ద్వారా అవి లివర్‌లో కొవ్వు తయారీని ప్రభావితం చేస్తాయి. ఓట్స్, బార్లీలో ఉండే జిగురు పీచు పైత్య ఆమ్లాలను పట్టుకుని బయటకు తీసుకుపోతే, లివర్ తన కొలెస్టరాల్‌ను ఖర్చుపెట్టి కొత్తవి చేసుకోవాల్సి వస్తుంది.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: ఇదంతా ఎందుకు సార్, ఆ పీచునే పౌడర్‌గా తీసుకుంటే సరిపోదా?)

జాగ్రత్తగా ఉండమంటాను. 2018లో, పేగు బ్యాక్టీరియా సమతుల్యత దెబ్బతిన్న ఒక రకం ఎలుకలకు శుద్ధిచేసిన ఇన్యులిన్ పెట్టారు. వాటిలో కొన్నిటికి పైత్యం నిలిచిపోయి లివర్ క్యాన్సర్ వచ్చింది. మనుషుల్లో అలా జరుగుతుందని ఎవరూ చెప్పలేదు, భయపడొద్దు. కానీ ఒక్క రకం పీచును వేరుచేసి, పెద్ద మోతాదులో, ఎవరికి పడితే వారికి ఇవ్వడం సరైన పని కాదు. ఇందాక చెప్పిన రెసిస్టెంట్ స్టార్చ్ ప్రయోగం కూడా వైద్యుల పర్యవేక్షణలో జరిగిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు ఉండాలని చెప్పినప్పుడు, ఆహారంలో సహజంగా ఉండే పీచు అని మరీ చెప్పింది.

(ప్రశ్న: గింజలు, పప్పులు తింటే నాకు కడుపు ఉబ్బరం. ఏం చేయాలి?)

పులిసినప్పుడు ఆమ్లాలతో పాటు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా పుడతాయి. కొందరిలో మీథేన్ కూడా. మోతాదు ఒక్కసారిగా పెంచకండి. వారం వారం కొంచెం కొంచెం పెంచండి, నీళ్లు తాగండి, నానబెట్టి బాగా ఉడికించండి. చాలామందికి అలవాటవుతుంది. అయినా తగ్గకపోతే, లేదా విరేచనాల్లో మార్పు, బరువు పడిపోవడం ఉంటే డాక్టర్‌కి చూపించుకోవాలి. లివర్ సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం) ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో చదివి ప్రోటీన్ మానేయకూడదు, వాళ్లకు అది చాలా అవసరం. సిర్రోసిస్‌లో 1966 నుంచి వాడుతున్న లాక్టులోజ్ సిరప్ కూడా మనకు అరగని చక్కెరే. బ్యాక్టీరియా దాన్ని ఆమ్లాలుగా మార్చి మెదడుకు హాని చేసే అమోనియాను పేగులోనే బంధిస్తుంది. మనం ఇప్పటిదాకా చెప్పుకున్న సూత్రాన్నే లివర్ డాక్టర్లు అరవై ఏళ్లుగా మందుగా వాడుతున్నారు.

(ప్రశ్న: తిండి మార్చాక ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?)

బ్యాక్టీరియా మారడం రోజుల్లోనే మొదలవుతుంది. లివర్ కొవ్వు తగ్గడానికి నెలలు పడుతుంది. ఇందాకటి ప్రయోగాలు చూడండి, నాలుగు నెలలు, 24 వారాలు, 18 నెలలు. అవి ఎంఆర్ఐ పద్ధతుల్లో కొలిచినవి కూడా. మామూలు అల్ట్రాసౌండ్ చిన్న తేడాలను పట్టుకోలేదు. కాబట్టి నెలకోసారి స్కాన్ తీయించుకుని నిరాశపడకండి. దానికంటే ముందు లివర్‌లో మచ్చ ఎంత ఉందో తెలుసుకోండి. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగూ ఉంటే ఫిబ్-4 అనే లెక్క కట్టొచ్చు. మామూలు రక్తపరీక్షలతో అయిపోతుంది. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "నా ఫిబ్-4 ఎంత?" అని అడగండి.